ఔట్‌రిగ్గర్ పడవలో మొదటి సీజన్: తెడ్డు పట్టేముందు తెలుసుకోవాల్సినవి

ప్రశ్న: "శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియాలో ఉంటాను. మా ఆఫీసులో ఒకావిడ వాళ్ళ ఔట్‌రిగ్గర్ క్లబ్బుకి రమ్మని పిలిస్తే వెళ్ళాను. తెగ నచ్చింది. కానీ పడవ నీళ్ళలోకి దించే ముందు అందరూ చేతులు పట్టుకుని హవాయి భాషలో ప్రార్థన చేశారు. నేను పడవ మీంచి దాటబోతే ఒకాయన ఆపి, చుట్టూ తిరిగి రమ్మన్నారు. ఇవన్నీ నిజంగా అవసరమా, లేక ఏదో మొక్కుబడిగా చేస్తారా? మనలాంటి బయటివాళ్ళు చేరొచ్చా? నాకు నలభై దగ్గర పడుతోంది. ఈత అంతంతమాత్రం. పైగా శాకాహారిని."

నిస్సంకోచంగా చేరండి. ఈత మాత్రం ముందు నేర్చుకోండి, దాని సంగతి కింద వివరంగా రాస్తాను. నేను కొన్నేళ్ళు హోనోలులులో, తర్వాత ఇక్కడ బే ఏరియాలో తెడ్డు వేశాను. ఇప్పుడు కొత్తవాళ్ళకు నేర్పుతున్నాను కూడా. మీ ప్రశ్న దాదాపు ప్రతి కొత్త సభ్యుడి మనసులోనూ ఉంటుంది, చాలామంది బయటికి అడగరు, అంతే.

మీరు చూసిన ఆచారాలు ఆరుగురు మనుషులు ఒకే పడవలో సముద్రం మీదికి వెళ్ళి క్షేమంగా తిరిగి రావడానికి తరతరాలుగా కుదిరిన పద్ధతులు. వాటిని పక్కన పెట్టి తెడ్డు ఒక్కటే నేర్చుకుందాం అనుకుంటే తెడ్డు కూడా సరిగ్గా రాదు. ఎందుకో తెలియాలంటే ముందు ఆ పడవని దగ్గర నుంచి చూడాలి.

హవాయివాళ్ళు దాన్ని వఅ అంటారు, పసిఫిక్‌లోనే ఉన్న తాహితీ దీవిలోనూ అంతే. ఆరుగురు కూర్చునే పడవ నలభై అడుగులకు పైనే ఉంటుంది. ఇంత పొడవైనా లోపల వెడల్పు మీ నడుము పట్టేంతే. అంత సన్నటి పడవ దానంతట అది నీళ్ళ మీద నిలవలేదు, ఊపిరి పీల్చేలోపు బోల్తా కొడుతుంది. అందుకే ఎడమవైపు కొంత దూరంలో ఒక తేలే దుంగ ఉంటుంది. ఔట్‌రిగ్గర్ అంటే ఇదే, హవాయి భాషలో దాని పేరు ఆమా. పడవనీ ఆమానీ కలుపుతూ అడ్డంగా వంపు తిరిగిన రెండు కర్రలు ఉంటాయి. వాటిని ఇయాకో అంటారు. ఈసారి వెళ్ళినప్పుడు ఆ ఇయాకో పడవ అంచు మీద ఎలా కూర్చుందో వంగి చూడండి. ఒక్క మేకు కనిపించదు, బోల్టు కనిపించదు. అంతా తాడే. పక్కపక్కనే, ఒక చుట్టు మీద ఇంకో చుట్టు ఎక్కకుండా, కర్ర మీంచి అంచు కిందికి, మళ్ళీ పైకి అల్లుకుంటూ వెళ్ళి, చివర్న మధ్యలో అడ్డంగా బిగించి ఉంటుంది. పాతకాలంలో కొబ్బరి పీచుతో నేసిన తాడు, ఇప్పుడు నూలుతాడో సింథటిక్ తాడో వాడతారు. కట్టే పద్ధతి మాత్రం పాతదే.

తాడే ఎందుకంటే, అల వచ్చినప్పుడు పడవ ఒక దిక్కుకి, ఆమా ఇంకో దిక్కుకి లేస్తాయి. కట్టు కాస్త సాగి, మళ్ళీ సర్దుకుంటుంది. బిగుసుకుపోయిన ఇనుప బోల్టు అయితే ఆ విసురుకి కర్రని చీల్చేస్తుంది. మన కోస్తాలో వెనకటికి అలల్లో సరుకు దించిన మసూలా పడవలకి కూడా మేకులు లేకుండా పలకల్ని కొబ్బరితాడుతో కుట్టేవారు, ఇదే కారణంతో. ఈ కట్టు కట్టడం క్లబ్బులో పెద్దవాళ్ళు నేర్పుతారు. ఒకరు తాడు లాగుతుంటే ఒకరు పట్టుకోవాలి, ఇంకొకరు సుత్తితో తడుతూ వదులు తీయాలి. ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. పిలిచినా పిలవకపోయినా కట్టు కట్టే రోజున వెళ్ళండి. నీళ్ళలో నాలుగు వారాల్లో తెలియని విషయాలు అక్కడ ఒక పూటలో తెలుస్తాయి. అల మధ్యలో మీ ప్రాణం ఆ తాడు మీదే ఆధారపడి ఉంటుందని చేతులకి అర్థమవుతుంది.

ఇక పడవ మీంచి ఎందుకు దాటకూడదన్న మాట. మీ క్లబ్బు పడవ ఫైబర్‌గ్లాస్‌దే అయ్యుంటుంది. కానీ దాని వెనక ఒక చెట్టు ఉంది. హవాయిలో పడవ చెక్కడానికి పనికొచ్చేది కొండల మీద పెరిగే కోఆ చెట్టు. పడవ చెక్కే నిపుణులు, వాళ్ళని కహునా కాలై వఅ అంటారు, నరికే ముందు చెట్టు దగ్గర ప్రార్థనలు చేసి, నైవేద్యాలు పెట్టి, ఎలెపైయో అనే చిన్న పిట్ట కోసం ఎదురుచూసేవారు. పడవలవాళ్ళ దేవత లేఆ ఆ పిట్ట రూపంలో వస్తుందని వాళ్ళ నమ్మకం. పిట్ట మాను మీద వాలి అక్కడక్కడా పొడిచిందంటే ఆ చెట్టుని వదిలేసేవారు. పొడవకుండా మాను పొడుగునా నడుచుకుంటూ వెళ్ళిందంటే చెట్టు పనికొస్తుందని లెక్క. ఎలెపైయో పురుగులు తినే పిట్ట. అది పొడిచిందంటే లోపల పురుగు ఉన్నట్టే, అలాంటి మానుతో చేసిన పడవ సముద్రంలో చీలుతుంది. భక్తి, పరిశీలన రెండూ ఒకే పనిలో ఇలా కలిసిపోవడం నన్ను ఇప్పటికీ కట్టిపడేస్తుంది. తర్వాత కొండ మీదే దాన్ని ఒక మోస్తరుగా చెక్కి, ఊరంతా కలిసి తాళ్ళతో లాగుతూ తీరానికి దించేవారు. అంత శ్రమతో వచ్చిన దాన్ని కాలితో దాటరు. ఇంటి మనిషిలా చూస్తారు, పేరు పెట్టి పిలుస్తారు.

ఆ చెట్లు ఇప్పుడు ఎంత అరుదో ఒక్క విషయం చెబితే తెలుస్తుంది. 1990ల మొదట్లో హవాయిఇలోవా అనే పెద్ద జంట పడవని చెక్కాలనుకున్నప్పుడు అంత లావు, అంత పొడవు ఉన్న ఆరోగ్యమైన కోఆ మాను హవాయి అడవుల్లో దొరకలేదు. చివరికి అలాస్కా ఆగ్నేయ తీరపు ఆదివాసులు తమ అడవి నుంచి రెండు స్ప్రూస్ మాన్లు ఇచ్చారు. వాటితోనే పడవ తయారైంది.

దాటకూడదన్న దానికి పని పరంగా కూడా కారణాలున్నాయి. నేల మీద ఉన్న పడవ మీంచి కాలు వేసేవాడు తడబడితే పడేది దాని అంచు మీద, లేదా ఇయాకో మీద. హవాయి రేసు నిబంధనల ప్రకారం ఆరుగురి పడవ బరువు 400 పౌండ్లకు, అంటే దాదాపు 181 కిలోలకు తగ్గకూడదు. అది పక్కకి ఒరిగితే ఎవరి కాలో నలుగుతుంది. చుట్టూ తిరిగి రావడం అలవాటైతే వస్తూ వస్తూ కట్లు, ఆమా, నీళ్ళు తోడే డబ్బా అన్నీ కంటపడతాయి. కొత్తవాళ్ళతో నేను రోజూ ఆ చుట్టు తిప్పిస్తాను.

ప్రార్థన సంగతి. దాన్ని పులే అంటారు. ఒక్కో క్లబ్బులో ఒక్కో రకంగా ఉంటుంది, కొన్నిచోట్ల ఇంగ్లీషులో కూడా చేస్తారు. మీ నమ్మకం ఏదైనా చేతులు కలిపి మౌనంగా నిలబడితే చాలు, ఎవరూ తప్పు పట్టరు. ఆ అర నిమిషంలో జరిగేది ఏమిటంటే, ఆఫీసు టెన్షన్ మోసుకొచ్చిన ఆరుగురు ఒకచోట ఆగుతారు. ఎవరి భుజం నొప్పిగా ఉంది, ఎవరు సరిగ్గా నిద్రపోలేదు, గాలి ఎటు వీస్తోంది, అన్నీ ఆ వలయంలోనే బయటికొస్తాయి. కోపంతో పడవ ఎక్కకూడదనేది కూడా పాత నియమమే. ఒకడి విసుగు వల్ల తెడ్డు అర క్షణం ముందు పడిందా, మిగతా ఐదుగురి లయ చెడుతుంది. పడవలో తిట్లు, అనవసరపు కబుర్లు వద్దనేది కూడా ఇందుకే, వెనక నుంచి చుక్కాని పట్టే మనిషి మాట అందరికీ వినపడాలి.

కొత్త పడవ దీవెనకి మాత్రం తప్పకుండా వెళ్ళండి. పడవకి తీ అనే మొక్క పచ్చటి ఆకుల దండ వేస్తారు, తీ ఆకుతోనే ఉప్పునీళ్ళు చల్లుతారు. ఆ నీళ్ళలో పసుపు కలపడం హవాయి పాత ఆచారం. పసుపు అక్కడ దానంతట అది పుట్టింది కాదు. హవాయి, తాహితీ లాంటి దీవుల్లో స్థిరపడ్డ పాలినేషియన్లు దీవి నుంచి దీవికి వెళ్ళేటప్పుడు పడవలో వెంట తీసుకెళ్ళిన మొక్కల్లో అదొకటి. చామ, అరటి, కొబ్బరి, చెరకు కూడా అలాగే చేరాయి. ఆ పసుపు నీళ్ళు మీద పడినప్పుడు మీకు కొత్తగా అనిపించదు.

బయటివాళ్ళు చేరొచ్చా అన్నది మంచి ప్రశ్న, కాస్త నిదానంగా చెప్తాను. ఈ ఆట ఒకప్పుడు దాదాపు మాయమైపోయింది. 1820 నుంచి వచ్చిన క్రైస్తవ మిషనరీలకు పందేలు, వాటితో పాటు నడిచే జూదం నచ్చలేదు, పడవ పోటీలు వెనకబడ్డాయి. 1870లలో రాజు కలాకౌవా తన పుట్టినరోజు నవంబరు 16న పోటీలు పెట్టించి మళ్ళీ ప్రాణం పోశాడు. తర్వాత 1893లో రాణి లిలిఉఓకలానిని గద్దె దించారు. 1896లో బడుల్లో బోధన ఇంగ్లీషులోనే ఉండాలని చట్టం చేశారు, సొంత భాష మాట్లాడిన పిల్లలు దెబ్బలు తిన్నారు. హవాయి భాషకి తిరిగి అధికార హోదా 1978లో గానీ రాలేదు. మీ క్లబ్బులో ఆ ప్రార్థన చదివింది ఓ హవాయి పెద్దావిడ అయితే, ఆవిడ అమ్మమ్మకి బడిలో ఆ మాటలు పలికే హక్కు ఉండేది కాదు. అందుకే దాన్ని తేలిగ్గా తీసుకోకండి.

అయినా వాళ్ళు తలుపులు మూసుకోలేదు. దీనికి మంచి ఉదాహరణ హోకూలేఆ అనే పడవ. పాలినేషియన్లు సముద్రంలో దారితప్పి ఏదో ఒక దీవికి కొట్టుకొచ్చినవాళ్ళే తప్ప కావాలని వెళ్ళినవాళ్ళు కాదని కొందరు పండితులు వాదించేవారు. అది తప్పని చూపించడానికి 1975లో ఈ జంట పడవని నీళ్ళలోకి దించారు. 1976లో అది హవాయి నుంచి తాహితీకి, దాదాపు నాలుగు వేల కిలోమీటర్లు, దిక్సూచి లేకుండా వెళ్ళింది. దారి చూపింది హవాయి మనిషి కాదు. అప్పటికి ఆ విద్య తెలిసినవాళ్ళు హవాయిలో మిగల్లేదు. మైక్రోనేషియాలోని సతావల్ అనే చిన్న దీవి నుంచి వచ్చిన మావ్ పియాయిలుగ్ చుక్కల్ని, అలల తీరుని, పక్షుల్ని చూసి నడిపించాడు. తన దీవి బయటివాళ్ళకి చెప్పే అలవాటు లేని విద్యని ఆయన ఆ తర్వాత హవాయి యువకులకు నేర్పాడు. వాళ్ళలో ఒకడైన నైనోవా థాంప్సన్ 1980లో తనే దారి చూసుకుంటూ తాహితీకి వెళ్ళి వచ్చాడు. నేర్చుకునేవాడు ఓపిగ్గా, బాధ్యతగా ఉంటే నేర్పడం అనేది వాళ్ళ దారి.

కాబట్టి మీ వంతు ఇది. పడవ పేరు, దాని అర్థం, ఎవరు పెట్టారో అడిగి తెలుసుకోండి. మాటలు సరిగ్గా పలకడం నేర్చుకోండి. వాళ్ళ గుర్తుల్ని పచ్చబొట్టు పొడిపించుకోవడం, ఇంట్లో పార్టీకి వాళ్ళ ప్రార్థన చదవడం లాంటివి చేయకండి. ప్రాక్టీసు కాగానే కారెక్కి వెళ్ళిపోకుండా పడవని మంచినీళ్ళతో కడిగి, పైన కవరు కప్పేదాకా ఉండండి. గౌరవం ఉందో లేదో అక్కడే చూస్తారు.

ఇప్పుడు తెడ్డు. సీట్లు ముందు నుంచి ఒకటి నుంచి ఆరు. ఒకటో సీటు లయ పెడుతుంది. రెండో సీటు ఎదురు వైపు అదే లయని పట్టి వెనక్కి అందిస్తుంది. మూడు, నాలుగు బలానికి. తెడ్డు వైపు మార్చమని కేక వేసే పని చాలా క్లబ్బుల్లో ఈ మధ్య సీట్లవాళ్ళదే. ఐదో సీటు బలంతో పాటు ఆమా మీద కన్నేసి ఉంచుతుంది, నీళ్ళు చేరితే తోడుతుంది. ఆరో సీటులో చుక్కాని మనిషి, పడవలో ఆఖరి మాట తనదే. బేసి సీట్లు ఒక వైపు వేస్తే సరి సీట్లు రెండో వైపు వేస్తాయి. పన్నెండు నుంచి పదహారు తెడ్లకు ఒకసారి "హట్" అన్న కేక వస్తుంది, వెంటనే "హో" అంటూ అందరూ ఒకేసారి వైపు మారుస్తారు.

కొత్తవాళ్ళందరూ చేతులతో లాగుతారు, పది నిమిషాల్లో అలిసిపోతారు. బలం నడుము తిప్పడంలో ఉంది. కుడివైపు వేస్తుంటే కుడి భుజం ముందుకి వెళ్ళేలా నడుము తిప్పి, తెడ్డు రేకు మొత్తం నీళ్ళలో మునిగేదాకా ఆగండి. ఆ తర్వాతే లాగాలి. పై చెయ్యి కిందికి నొక్కుతుంది, కాలు పడవ లోపలి గోడకి తన్నిపెట్టి ఉంటుంది, నడుము వెనక్కి తిరుగుతుంది. తెడ్డు తుంటి దగ్గరికి రాగానే తీసేయండి. అక్కడి నుంచి ఇంకా వెనక్కి లాగితే నీళ్ళని పైకి ఎత్తుతున్నట్టే, దాంతో పడవ ముందు కొస కిందికి దిగి వేగం తగ్గుతుంది. తెడ్డు రేకు నీళ్ళలో పడేటప్పుడు "ఛప్" అని పెద్ద చప్పుడు వస్తుంటే గాలిని కొడుతున్నారని అర్థం. బాగా పడిన తెడ్డు దాదాపు శబ్దం చేయదు. కళ్ళు మీ తెడ్డు మీద కాకుండా రెండు సీట్ల ముందున్న మనిషి భుజం మీద ఉంచండి. బలమైన ఆరుగురి కంటే కలిసి వేసే ఆరుగురి పడవే వేగంగా పోతుంది. రేసు మధ్యలో జిమ్ కండలు వెనకబడిపోవడం నేను చాలాసార్లు చూశాను, మీ వయసు గురించి బెంగ వద్దు. యాభై, అరవై దాటినవాళ్ళకు కూడా విడిగా విభాగాలున్నాయి.

సొంత తెడ్డు ఇప్పుడే కొనకండి. క్లబ్బుది వాడుతూ 48 నుంచి 52 అంగుళాల మధ్య మీకు ఏది సరిపోతుందో చూసుకోండి.

ఈత విషయంలో మాత్రం నా మాట కచ్చితం. పడవ బోల్తా పడటాన్ని హులి అంటారు, అది ఎప్పుడో ఒకప్పుడు జరుగుతుంది. ఆమా ఎడమవైపే ఉంటుంది కాబట్టి అనుమానం వచ్చినప్పుడల్లా బరువు ఎడమకే వేయాలి. కుడికి వాలారా, ఆమా గాల్లోకి లేచి పడవ తిరగబడుతుంది. పడ్డాక మొదట తల లెక్క: ఒకటి, రెండు, మూడు అని సీటు వరసలో అరవాలి. ఎవరి నంబరు వినపడకపోతే వెంటనే పడవ కింద వెతకాలి. ఒకరు తెడ్లు పోగుచేస్తారు, ఒకరు ముందు కొస పట్టి పడవని అలకి ఎదురుగా తిప్పుతారు. ఇద్దరు బోర్లా పడిన పడవ మీదికెక్కి, ఇయాకో పట్టుకుని వెనక్కి వాలుతారు, మిగతావాళ్ళు అటువైపు నుంచి ఆమాని పైకి తోస్తారు. నిటారుగా నిలిచాక ఒకరిద్దరు ఎక్కి గబగబా నీళ్ళు తోడతారు. ఇదంతా సముద్రం మధ్యలో, బట్టలతో, తేలుతూ చేయాలి. బే ఏరియా నీళ్ళు చల్లన. సంవత్సరంలో చాలా నెలలు 10 నుంచి 15 డిగ్రీల మధ్యే ఉంటాయి. హఠాత్తుగా పడితే ఊపిరి ఎగబీలుస్తుంది, మంచి ఈతగాడికి కూడా మొదటి నిమిషం కష్టమే. దగ్గర్లోని కొలనులో రెండు మూడు నెలలు క్లాసు తీసుకోండి, పది నిమిషాలు ఆగకుండా తేలగలగాలి. వెట్‌సూట్ లేదా ఉన్ని లాంటి వెచ్చని బట్ట, లైఫ్ జాకెట్ తప్పనిసరి. నూలు టీషర్టు, జీన్స్ వద్దే వద్దు. హులి ప్రాక్టీసు చేయించని క్లబ్బు అయితే వేరే క్లబ్బు చూసుకోండి.

ఆట మీద మనసు నిలిచాక పెద్ద రేసుల సంగతి వినబడుతుంది. అన్నిటికీ పెద్దన్న మొలొకై హోయే. మొలొకై దీవి నుంచి ఓఆహు దాకా కైవి జలసంధి మీదుగా దాదాపు 66 కిలోమీటర్లు. టూట్స్ మిన్‌విల్ అనే ఆయన ఏళ్ళ తరబడి పట్టుబట్టి 1952లో మొదటిసారి జరిపించాడు. వచ్చినవి మూడే పడవలు, గెలిచినవాళ్ళకి దాదాపు తొమ్మిది గంటలు పట్టింది. ఇప్పుడు ముందున్న జట్లు ఐదు గంటల లోపే దాటేస్తాయి. జట్టులో తొమ్మండుగురు ఉంటారు, పడవలో ఆరుగురే. మిగతా ముగ్గురు వెంట వచ్చే మోటారు బోటు నుంచి నీళ్ళలోకి దూకి వరసగా తేలుతూ ఉంటారు. పడవ ఆగకుండా వాళ్ళ మీదికి వస్తుంది, లోపలున్నవాళ్ళలో అంతమంది కుడివైపుకి దూకేస్తారు, వీళ్ళు ఎడమవైపు అంచు పట్టి ఎక్కి కూర్చుంటారు. మొదటిసారి చూసినవాళ్ళకి గుండె ఆగినంత పని అవుతుంది. ఆడవాళ్ళకి ఈ జలసంధి సాధ్యం కాదన్నవాళ్ళకి 1975లో రెండు మహిళా జట్లు అనధికారికంగా దాటి చూపించాయి. 1979 నుంచి వాళ్ళకి విడిగా రేసు ఉంది. తాహితీలో 1992లో మొదలైన హవాయికి నుయి వఅ మూడు రోజుల రేసు, హుఆహినే నుంచి బోరా బోరా దాకా. నన్నడిగితే తాహితీవాళ్ళ తెడ్డుని చూసి నేర్చుకోవాల్సింది చాలా ఉంది.

మనవాళ్ళు ఈ ఆటలో ఎక్కడా లేరని అనుకోకండి. వఅ ఇప్పుడు పారాలింపిక్స్‌లో ఉంది. టోక్యో పోటీల్లో మధ్యప్రదేశ్‌కి చెందిన ప్రాచీ యాదవ్ ఒంటి మనిషి వఅ 200 మీటర్లలో ఫైనల్‌కి చేరి ఎనిమిదో స్థానంలో నిలిచింది. 2023లో హాంగ్‌జౌలో జరిగిన ఏషియన్ పారా గేమ్స్‌లో అదే పడవలో వెండి పతకం తెచ్చింది.

చివరిగా తిండి. రేసు రోజున క్లబ్బులన్నీ తీరంలో డేరాలు వేసి తెచ్చినవన్నీ కలిపి తింటాయి. మాంసం ఉంటుంది, పక్కనే చామదుంపతో చేసిన పోయి, చిలగడదుంప, పళ్ళు, అన్నం కూడా ఉంటాయి. శాకాహారం అని ముందే చెప్పండి, ఎవరూ ఏమీ అనుకోరు. ఉత్త చేతులతో మాత్రం వెళ్ళకండి. పెద్ద గిన్నెడు పులిహోర కలుపుకెళ్ళండి, మధ్యాహ్నం దాకా పాడవదు. రేసు నుంచి వచ్చినవాళ్ళు ఉప్పు, పులుపు కోసం చూస్తుంటారు. వేరుశనగల అలర్జీ ఎవరికైనా ఉందేమో ముందు అడిగి, ఉంటే జీడిపప్పుతో సహా పప్పులన్నీ మానేసి ఆవాలు, మిరపకాయలతోనే పోపు పెట్టండి.